నవ్వకుండా నవ్వించిన కీటన్

మూకీ హాస్యం అంటే మనకు వెంటనే చాప్లిన్ గుర్తొస్తారు. ఆయనకు సాటివచ్చే బస్టర్ కీటన్‌నూ మనం తలచుకోవాలి.

1895లో అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టిన కీటన్, పసితనంలోనే తల్లిదండ్రులతో వాడెవిల్ వేదికెక్కారు. పాటలు, గారడీ, హాస్యం కలగలిసిన ప్రదర్శనలవి. తండ్రి కొడుకును ఎత్తి విసిరేస్తుంటే జనం పగలబడి నవ్వేవారు. తాను నవ్వితే వాళ్ల నవ్వు తగ్గుతుందని ఆ పిల్లవాడు అప్పుడే గ్రహించాడు.

ఆ నవ్వని ముఖంతోనే 1917లో సినిమాల్లోకి వచ్చారు. ఒక చిత్రంలో ఇంటి గోడ నిలువునా మీద పడుతుంటే, కిటికీ ఖాళీలో కదలకుండా నిలబడ్డారు.

1926 నాటి ‘ది జనరల్’ ఆడలేదు. 1928లో సొంత స్టూడియో వదిలి ఎంజీఎంలో చేరారు. స్వేచ్ఛ పోయింది, తాగుడు పట్టుకుంది, 1933లో ఉద్యోగమూ పోయింది. అయినా పని మానలేదు. 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు. 1966లో కన్నుమూశారు.

నాడు ఆడని ‘ది జనరల్’ను నేడు మనం గొప్ప చిత్రాల్లో ఒకటిగా చూస్తున్నాం.