ఛాయాచిత్ర శిల్పి రాజా దీన్‌దయాళ్

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంనాటి హైదరాబాదును తలచుకోగానే మన కన్నులముందు కదలాడే దృశ్యాలలో అధికభాగం ఒకే వ్యక్తి కెమెరా నుండి వెలువడినవి. దర్బారు వైభవం, రాజసౌధాల సోయగం, వేటవిడుదుల సందడి ఆయన గాజుపలకల మీద శాశ్వతరూపం దాల్చాయి. ఆయనే రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. వారిది రత్నవర్తకుల వంశం. ఆయన మాత్రం కులవృత్తిని చేపట్టక, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇందోరు సంస్థానపు ప్రజాపనుల శాఖలో చేరాడు. కట్టడాల నమూనాలు గీయడం, వ్యయపు అంచనాలు వేయడం ఆయన విధులు. భవనాల కొలతలనూ, వెలుగునీడల తీరునూ గుర్తుపట్టే చూపు ఆయనకు ఈ ఉద్యోగంలోనే అలవడి ఉంటుంది.

1874 ప్రాంతంలో ఆయన ఛాయాగ్రహణం వైపు మొగ్గాడు. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్యభారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధియైన సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు.

ఆ రోజులలో ఛాయాచిత్రం తీయడం ఒక తపస్సు వంటిది. నేడు చరవాణితో క్షణంలో పది చిత్రాలు తీసేవారికి అది ఊహకైనా అందదు. ముందుగా శుభ్రమైన గాజుపలకపై కొలోడియన్ అనే జిగురుద్రవాన్ని సమంగా పరచాలి. చీకటిలో దానిని వెండిలవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి, కాంతి సోకించి, వెంటనే చీకటిగుడారంలోకి తీసుకుపోయి రసాయనాలతో కడగాలి. ఎండ తీవ్రమైతే పూత ఆరిపోతుంది. దుమ్ము పడితే చిత్రం చెడుతుంది. చేయి జారితే పడిన శ్రమ అంతా గాజుముక్కల పాలవుతుంది. కెమెరా వెనుకనున్న గరుకుగాజు మీద దృశ్యం తలక్రిందులుగా కనిపిస్తుంది. నల్లగుడ్డ కప్పుకొని, ఆ తలక్రిందుల బొమ్మలోనే కూర్పును సరిచూసుకోవాలి. పలకను కాగితానికి ఆనించి ముద్రించేవారు కనుక పెద్ద చిత్రం కావాలంటే అంత పెద్ద పలకా, దానికి తగిన కెమెరా ఉండవలసిందే. కొంతకాలానికి ముందే తయారుచేసి ఉంచుకోగల పొడిపలకలు రావడంతో ఈ యాతన కొంత తగ్గినా బరువు మాత్రం తగ్గలేదు.

ఇంతటి సరంజామాతో దీన్‌దయాళ్ 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించాడు. అక్కడి కోటలను, ఆలయాలను తీసిన చిత్రాలు 1886లో మధ్యభారత కట్టడాలపై గ్రిఫిన్ వెలువరించిన గ్రంథంలో చేరాయి. 1885లో వైస్రాయికి ఛాయాచిత్రకారునిగా నియమితుడయ్యాడు. స్థిరమైన ప్రభుత్వోద్యోగాన్ని వదలి, ఐరోపావారు ఏలుతున్న వృత్తిలో స్వశక్తిని నమ్ముకొని నిలబడడం సామాన్యమైన సాహసం కాదు.

1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1894లో రాజా బిరుదాన్ని, దానితోపాటు ముసవ్విర్ జంగ్ అనే గౌరవనామాన్ని పొందాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టని చేతికి ఈ బిరుదు దక్కడం ముచ్చట గొలిపే విషయం. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు. ఆయన కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఈ కళలోనే తర్ఫీదు పొందారు.

ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని ముందుకు రాలేని కాలమది. వారికోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటుచేసి, దాని నిర్వహణను ఒక ఆంగ్లవనితకు అప్పగించాడు. తమ రూపాన్ని చిత్రంలో చూసుకొనే అవకాశం అంతఃపుర స్త్రీలకు ఆ విధంగా కలిగింది. ఆయన దృష్టి రాజభోగాలకే పరిమితం కాలేదు. నిజాం రాజ్యంలో జరిగిన కరవు సహాయపు పనులను, ఎండిన డొక్కలతో నిలిచిన దీనులను కూడా అదే శ్రద్ధతో చిత్రించాడు. దర్బారు చిత్రాలకంటె ఇవే చూపరులను ఎక్కువసేపు నిలబెడతాయి.

చివరిరోజులు దుఃఖభరితంగా సాగాయి. 1904లో ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి ఏడే, 1905 జూలై 5న, దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశాడు.

మడతపడే తోలుతిత్తి, ఇత్తడి చట్రంలో బిగించిన కటకం గల ఆనాటి పలక కెమెరాలను నేడు ఎందరో ప్రాచీన వస్తువులుగా సేకరిస్తున్నారు. లోతును చూపడానికి రెండు కటకాలను పక్కపక్కన అమర్చిన స్టీరియో కెమెరాలకైతే గిరాకీ మరీ ఎక్కువ. కెమెరా దొరికినా, దానితో తీసిన పలకలు దొరకడం కష్టం. గాజు పగిలిపోయేది, పగలని పలకల పూతను కడిగివేసి ఆ గాజును వేరే పనులకు వాడుకున్నవారూ ఉన్నారు. దీన్‌దయాళ్ పలకలలో మాత్రం 2,857 ఈ గతి పట్టకుండా మిగిలాయి. 1989లో వాటిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది.