దుర్గాబాయమ్మ పని మన ఊరి అంగనవాడీలో ఆగిపోకూడదు

పోటీ పరీక్షలకు చదివే పిలకాయలకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఒక బిట్టుగా తెలుసు. ఆంధ్ర మహిళా సభ పెట్టిందెవరు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలెవరు, అంతే. జవాబుకు టిక్కు పెట్టి ముందుకు పోతాం. కానీ ఆయమ్మ కథలో మన వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు తల్లులకు పనికొచ్చే ముక్క ఒకటుండాది. నడవలేని, చూడలేని పిలకాయల బాగోగులు ఇంట్లోవాళ్ల తలరాత కాదు, అందరి పని అని నమ్మి, దానికి ఆస్పత్రులు, బళ్లు, సర్కారు డబ్బులు కూడగట్టిన మనిషి ఆయమ్మ.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేసినారు. ఊహ తెలిసినాక ఆ పెళ్లి వద్దని బయటికొచ్చింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడింది. టికెట్టు లేకుండా వచ్చిన నెహ్రూను లోపలికి పోనీలేదు. టికెట్టు తెచ్చినాకే వదిలింది. అప్పటికి ఆయమ్మకు పద్నాలుగేళ్లు. రూలు అందరికీ ఒకటే అనే ఆ పట్టుదల కడదాకా పోలేదు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. లోపల చదువు రాని ఆడోళ్లను చూసింది. చేసిన నేరమేందో, పడిన శిక్షేందో కూడా తెలియకుండా మగ్గిపోతా ఉండారు. బయటికొచ్చినాక ఆగిపోయిన తన చదువును మళ్లీ మొదలుపెట్టింది. ప్రైవేటుగా మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, 1942లో మద్రాసులో లా. లాయరుగా కోర్టుకూ పోయింది.

ఈ చదువుల మధ్యనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. ఆడపిల్లలకు చదువు చెప్పడంతో మొదలైన పని హాస్టలు, ఆస్పత్రి, నర్సుల శిక్షణ దాకా పెరిగింది. పోలియో సోకి కాళ్లు చచ్చుబడిన పిలకాయల కోసం ఆ సభ కిందనే మద్రాసులో ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం వచ్చింది. ఆ కాలంలో పోలియో అంటే ఇంటింటి భయం. మన దేశాన్ని పోలియో లేని దేశంగా 2014లో గానీ ప్రకటించలేదు. అట్టాంటి రోజుల్లో కాలుకు పట్టీ వేసి, కసరత్తు చేయించి, ఆ బిడ్డను మళ్లీ బడికి పంపే చోటు ఉండడమే పెద్ద సంగతి.

స్వాతంత్ర్యం వచ్చే వేళకు రాజ్యాంగ సభలో సభ్యురాలు. 1952 ఎన్నికల్లో ఓడిపోయింది. ఓడిపోయినా ఊరికే కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలోకి పోయింది. 1953లో ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకునింది. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది, ఆయమ్మే అధ్యక్షురాలు. ఆడోళ్లకు, పిలకాయలకు, వికలాంగులకు పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు సర్కారు గ్రాంటు ఇచ్చే దారి అట్లా పడింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో దీనికి 4 కోట్ల రూపాయలు పెట్టినారు. ఢిల్లీలో బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలై, కళ్లు లేని పిలకాయలకు బడి, హాస్టలు, చేతిపని నేర్పే వర్క్‌షాపు పెట్టించింది.

1954 నుంచి ఆ బోర్డు పల్లెల్లోకి దిగింది. కొన్ని ఊర్లను కలిపి ఒక ప్రాజెక్టు. గ్రామసేవిక, మంత్రసాని, చిన్న పిలకాయలకు బాల్వాడీ. 1975లో ఐసీడీఎస్ కింద అంగనవాడీలు వచ్చేదానికి ఇరవై ఏళ్ల ముందే పల్లెలో ఆ నడక మొదలైంది. 1975లోనే ఆయమ్మకు పద్మవిభూషణ్ ఇచ్చినారు. 1981 మే 9న కన్నుమూసింది.

ఇప్పుడు మన మెట్టకు వద్దాం. ఆంధ్ర మహిళా సభ పుట్టిన ఆ 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకర పోతా ఉండే మనుషుల గురించి డాక్టర్లు వైద్య పత్రికలో రాసినారు. దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది మన పక్కనే. ఇన్నేళ్లయినా మన మండలాలకు ఆ నీళ్ల బాధ పూర్తిగా తీరలేదు. పుట్టుకతో వచ్చే లోపాలు దీనికి వేరే.

చట్టం లేదా అంటే ఉండాది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కానీ ఉచిత చదువు హక్కు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకానే. ఆరేళ్ల లోపు? బిడ్డ మెదడు, కాళ్లు, చేతులు, మాట అన్నీ కుదురుకునేది ఆ వయసులోనే. ఫిజియోథెరపీ, మాట నేర్పడం అప్పుడు మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. మండలానికి భవిత కేంద్రం అంటే అది బడి ఈడు పిలకాయల లెక్క. చిన్నబిడ్డకు థెరపీ కావాలంటే నెల్లూరుకు పోవాల. వరికుంటపాడు నుంచి నూరు కిలోమీటర్లకు తక్కువ లేదు. కూలికి పోయే తల్లి వారానికి రెండుసార్లు బిడ్డను చంకనేసుకుని బస్సెక్కగలదా? పింఛను 6 వేలు చేసినారు, మంచిదే. పింఛను ఇంటికొస్తాది, థెరపిస్టు రాడు.

2023లో కేంద్రం దివ్యాంగ బాలల కోసం అంగనవాడీ ప్రోటోకాల్ అని ఒకటి తెచ్చింది. బిడ్డ ఎదుగుదలలో తేడాను అంగనవాడీ టీచరే ముందుగా కనిపెట్టాల, బిడ్డను కేంద్రంలో కలుపుకోవాల, అవసరమైతే ఆరోగ్య కార్యక్రమం కింద పైకి పంపాల. కాగితం బాగుండాది. టీచరుకు దాని శిక్షణ అందిందా, అందినాక పిలకాయలను చూస్తా ఉండారా అనేది ఊర్లోవాళ్లు అడిగితేనే తేలేది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోనుండాది. మీ వీధిలో ఏడాది దాటినా కూర్చోలేని బిడ్డ, పిలిస్తే తలతిప్పని బిడ్డ ఉంటే ఆ తల్లితో పోయి అంగనవాడీలో, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించండి. సదరం స్లాటు బుక్ చేసిపెట్టండి. గ్రామసభలో లేచి, వారానికొక రోజన్నా ఉదయగిరికి థెరపిస్టు రావాలని అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. టికెట్టు లేదని నెహ్రూనే ఆపిన పిల్లకు అప్పుడు పద్నాలుగేళ్లే. మీరు అంతకంటే పెద్దోళ్లే గదా.