చేపల గోడు విన్న రేచల్

డీడీటీ పేరు విననివాళ్లు మన ఇళ్లల్లో తక్కువే. 1953లో మన దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక, పంపులు పట్టుకుని మనుషులు రావడం, ఇంటింటి గోడలకీ తెల్లగా మందు కొట్టి వెళ్లడం మన అమ్మమ్మలకి బాగా గుర్తు. దోమలు చచ్చేవి. జ్వరాలు తగ్గేవి. అంత మంచి మందుని ఎవరైనా తప్పుపడతారా?

అమెరికాలో ఒకావిడ తప్పుపట్టింది. పేరు రేచల్ కార్సన్. దోమల మీద జాలితో కాదు. అదే మందుని విమానాల్లోంచి అడవుల మీదా పొలాల మీదా కుమ్మరిస్తుంటే పిట్టలూ చేపలూ ఏమైపోతున్నాయో చూసి ఊరుకోలేక. ఆమె పేరు చెప్పగానే చాలామందికి పిట్టలే గుర్తొస్తాయి. నిజానికి ఆమె చదువూ ఉద్యోగమూ రెండూ చేపలతోనే.

అమ్మ చూపించిన దారి

1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది రేచల్. ముగ్గురు పిల్లల్లో ఆఖరిది. తల్లి మరియా పెళ్లికి ముందు టీచరు. కూతుర్ని వెంటబెట్టుకుని తోటంతా తిప్పేది. పురుగుల్నీ పిట్టల్నీ చూపించి పేర్లు చెప్పేది. ఆ పిల్ల 11 ఏళ్లకే పిల్లల పత్రికలో కథ అచ్చువేయించుకుంది.

ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. అయినా ఆడపిల్లకి చదువెందుకని అనుకోలేదు ఆ తల్లి. రచయిత్రి కావాలని ఇంగ్లీషు సాహిత్యంలో చేరిన రేచల్, మేరీ స్కాట్ స్కింకర్ అనే లెక్చరర్ పాఠాలు విని జీవశాస్త్రానికి మారిపోయింది. అప్పట్లో ఆడపిల్లలకి సైన్సులో ఉద్యోగాలెక్కడివి అని తెలిసినవాళ్లందరూ నిరుత్సాహపరిచారు. 1929లో పట్టా పుచ్చుకుంది. ఆ వేసవిలోనే మొదటిసారి సముద్రాన్ని కళ్లారా చూసింది.

తర్వాత జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఎం.ఏ. ఆమె పరిశోధన దేని మీదో తెలుసా? క్యాట్‌ఫిష్ అనే జెల్ల జాతి చేప మీద. ఆ చేప ఇంకా పిల్లగా ఉండగానే, కొన్నాళ్లపాటు మాత్రమే పనిచేసే మొదటి మూత్రపిండం ఎలా తయారవుతుందో సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూసింది. గుడ్డులోంచి పిల్ల, పిల్లలోంచి చేప రావడం ఎంత సున్నితమైన వ్యవహారమో ఆమెకి అక్కడే తెలిసింది.

చేపల శాఖలో ఉద్యోగం

1935లో తండ్రి పోయాడు. ఇంటిభారం రేచల్ మీద పడింది. ప్రభుత్వ చేపల శాఖలో రేడియోకి చిన్న చిన్న ప్రసంగాలు రాసే పని దొరికింది. మరుసటేడు పరీక్ష రాసి అక్కడే జీవశాస్త్రవేత్తగా చేరింది. ఆ శాఖలో ఆ స్థాయి ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్లు అప్పటికి ఇద్దరే. 1937లో అక్క చనిపోతే ఆమె ఇద్దరు కూతుళ్లనీ తల్లితో కలిసి పెంచింది. పగలు ఆఫీసు, సాయంత్రం ఇల్లు, రాత్రి రాత. పెళ్లి మాటే తలపెట్టలేదు.

1951లో ఆమె రాసిన సముద్రం పుస్తకం 86 వారాలపాటు అమెరికాలో బాగా అమ్ముడుపోయే పుస్తకాల జాబితాలో ఉంది. మరుసటేడు ఉద్యోగం మానేసి పూర్తికాలం రచయిత్రి అయింది. కాస్త ఊపిరి పీల్చుకుందామనుకునేసరికి, 1957లో పెంచిన మేనకోడలు చనిపోయింది. అయిదేళ్ల ఆమె కొడుకుని రేచల్ దత్తత తీసుకుంది. అప్పటికి ఆమెకి 49 ఏళ్లు.

వెనక్కి రాని చేపలు

డీడీటీ మీద అనుమానం ఆమెకి కొత్త కాదు. తన శాఖలోనే జరుగుతున్న పరీక్షలు చూసి, 1945లోనే వ్యాసం రాస్తానని ఒక పెద్ద పత్రికని అడిగింది. వాళ్లు వద్దన్నారు. 1958లో ఒక స్నేహితురాలు, విమానం మందు చల్లి వెళ్లాక తమ పెరట్లో పిట్టలు ఎలా చచ్చిపడ్డాయో రాసింది. దాంతో రేచల్ మళ్లీ కూర్చుంది. దొరికిన ప్రతి నివేదికా తెప్పించుకుంది.

ఆ కాగితాల్లో ఆమెని బాగా కదిలించినది కెనడాలోని మిరమిచి నది కథ. మన గోదావరికి పులస ఎదురీదుకుంటూ వచ్చినట్టే, అక్కడ సాల్మన్ చేపలు సముద్రంలోంచి నదిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. 1954 జూన్‌లో చెట్లని తినే పురుగుని చంపడానికి ఎకరానికి అర పౌను చొప్పున డీడీటీ చల్లారు. రెండు రోజులు తిరక్కుండానే సాల్మన్లు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. పిల్లచేపలు తినే నీటిపురుగులూ పోయాయి. ఆ ఏటి సంతానమంతా తుడిచిపెట్టుకుపోయింది.

రేచల్ అక్కడితో ఆగలేదు. చావని జీవుల సంగతేమిటి అని అడిగింది. డీడీటీ ఇచ్చిన కోడిపుంజు పిల్లలకి వృషణాలు సరిగ్గా ఎదగలేదనీ, తురాయి మామూలుగా పెరగాల్సిన దానిలో మూడోవంతే పెరిగిందనీ ఒక పరిశోధనలో చదివింది. తురాయి పెరగాలంటే మగ హార్మోను కావాలి. అంటే ఆ మందు ప్రాణం తియ్యకుండానే, లోపల ఇంకేదో పాడుచేస్తోందన్నమాట! ఈ సంగతి కూడా తన పుస్తకంలో పెట్టింది.

ఎవరికీ చెప్పని జబ్బు

పుస్తకం సగంలో ఉండగానే, 1960లో రేచల్ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేశారు. కానీ అది కేన్సరని డాక్టరు ఆమెకి చెప్పలేదు! ఆ రోజుల్లో అక్కడ రోగికి నిజం చెప్పకపోవడం మామూలే. ఏడాది చివర్లో, జబ్బు పాకాక గానీ ఆమెకి అసలు విషయం తెలియలేదు. రేడియేషన్, నీరసం, కీళ్లనొప్పులు. పక్కన చంటివాడిలాంటి పిల్లాడు. అంతకుముందే, 1958 డిసెంబరులో, అండగా ఉన్న తల్లి కూడా పోయింది. అయినా రాత ఆపలేదు.

1962 సెప్టెంబరులో 'సైలెంట్ స్ప్రింగ్' వచ్చింది. రసాయనాల కంపెనీలు విరుచుకుపడ్డాయి. సైన్సు తెలియని సెంటిమెంటు మనిషన్నారు. పెళ్లి కాని ఆడదానికి రాబోయే తరాల గొడవెందుకని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. తను కేన్సర్ రోగినన్న సంగతి బయటపడితే, సొంత బాధతో రాసిందని పుస్తకాన్ని కొట్టిపారేస్తారని ఆమెకి తెలుసు. అందుకే దాచిపెట్టింది. జుట్టు రాలిపోతే విగ్గు పెట్టుకుని టీవీ కెమెరా ముందు కూర్చుంది. మందులన్నీ ఆపెయ్యమని తను అనడం లేదనీ, ఏం చేస్తాయో తెలుసుకోకుండా కుమ్మరించొద్దంటున్నాననీ నెమ్మదిగా చెప్పింది.

1963 మేలో ప్రెసిడెంట్ కెనెడీ వేసిన శాస్త్రవేత్తల సంఘం ఆమె చెప్పిన దానిలో చాలావరకు నిజమేనని తేల్చింది. మరుసటేడు ఏప్రిల్ 14న, 56 ఏళ్లకే రేచల్ కన్నుమూసింది. అమెరికా 1972లో పంటలకి డీడీటీ వాడకాన్ని నిషేధించింది. అది చూడ్డానికి ఆమె లేదు.

ఆమె పోయాక తేలినవి

లోపల పాడయ్యేదేమిటో తర్వాతివాళ్లు కనిపెట్టారు. హార్మోన్లంటే ఒంట్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే కబుర్లు. ఒక్కో హార్మోనూ ఒక్కో తాళంచెవి లాంటిది, దానికి సరిపోయే తాళంలోనే తిరుగుతుంది. కొన్ని రసాయనాలు దొంగతాళంచెవిలా అందులో దూరి తలుపు తెరుస్తాయి. కొన్ని దూరి ఇరుక్కుపోతాయి, ఇక అసలు తాళంచెవికి చోటుండదు. డీడీటీ విరిగితే వచ్చే డీడీఈ మగ హార్మోనుకి ఇలాగే అడ్డుపడుతుందని 1995లో తేలింది.

ఇంగ్లండులో మురుగునీరు కలిసే నదుల్లో రోచ్ అనే మగచేపల వృషణాల్లో గుడ్లు కనిపించాయి! ఇది ఒకటి రెండు చోట్ల కాదని 1998లో బయటపెట్టారు. ఆడ హార్మోనులూ, గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ హార్మోనూ, కొన్ని పారిశ్రామిక రసాయనాలూ అన్నీ ఆ నీళ్లలో ఉన్నాయి. మాత్ర వేసుకున్న ఆడవాళ్లది తప్పని కాదు. ఊరి మురుగుని సరిగ్గా శుద్ధి చెయ్యకుండా నదిలోకి వదిలెయ్యడంలో ఉంది తప్పు.

ఎంత మోతాదుకి ప్రమాదం? కెనడాలో ఒక సరస్సులో 2001 నుంచి మూడేళ్లపాటు ఆ మాత్రల హార్మోనుని కలిపి చూశారు. లీటరుకి అయిదారు నానోగ్రాములే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు. అంతకే మగచేపల ఒంట్లో, ఆడచేపల్లో మాత్రమే తయారవ్వాల్సిన గుడ్డుసొన పదార్థం తయారైంది. మినో అనే చిన్నచేపల సంతతి దాదాపు అంతరించింది. చచ్చి తేలిన చేపలేమీ లేవు. కొత్త పిల్లలు పుట్టలేదు, అంతే.

రేచల్ బతికుంటే మరింత బాధపడే కథ ఇంకొకటుంది. మిరమిచి ఉన్న రాష్ట్రంలోనే, అదే పురుగు మీద 1975 నుంచి 1985 దాకా వేరే మందు చల్లారు. ఆ మందుని కరిగించడానికి నోనైల్‌ఫినాల్ అనే పదార్థం కలిపారు. అది ఆడ హార్మోనులా నటించే రసాయనం. నదిలోంచి సముద్రానికి బయల్దేరే సాల్మన్ పిల్లలు ఉప్పునీటికి తట్టుకునేలా ఒంటిని మార్చుకోవాలి. ఆ మార్పుని నడిపేవి హార్మోనులే. సరిగ్గా ఆ సమయంలో మందు పడిన చోట్ల, తర్వాత తిరిగొచ్చిన సాల్మన్లు తగ్గాయనీ, రెండింటికీ సంబంధం ఉన్నట్టే కనిపిస్తోందనీ 1999లో పరిశోధకులు రాశారు. ఈ నోనైల్‌ఫినాల్‌తో తయారయ్యే పదార్థాలు బట్టల సబ్బుపొడుల్లోనూ వాడేవారు. 2003లో ఐరోపా దేశాలు వాటి మీద ఆంక్షలు పెట్టాయి.

ఒక్క ధైర్యం ఉంది. కెనడా సరస్సులో హార్మోను కలపడం ఆపేశాక, కొన్నేళ్లకి ఆ చిన్నచేపలు మళ్లీ పెరిగాయి. ఆపితే నీళ్లు కోలుకుంటాయి. మిగిలిపోయిన మాత్రల్ని సింకులో పారబొయ్యకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని. మన కాలవలో కలిసే డ్రైనేజీ నీళ్లని ఎవరు ఎలా శుద్ధి చేస్తున్నారని మునిసిపాలిటీని అడగడం కూడా. అడిగితే ఈవిడకెందుకీ గొడవ అనేవాళ్లు ఉంటారు. రేచల్‌నీ అన్నారు.