చేతులు కడుగుకొనిన వైద్యుడు

వైద్యునికి విద్య ఎంత అవసరమో, తన్ను తాను పరీక్షించుకొనుటయు అంత అవసరము. ఇందుకు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుని జీవితమును మనము చూతము.

ఈయన 1818లో హంగేరీ దేశమందలి బుడా పట్టణమున పుట్టెను. 1846లో వియన్నా పెద్దాసుపత్రిలో సహాయ వైద్యుడాయెను. అక్కడ కాన్పుల వార్డులు రెండుండెను. ఒకదానిలో వైద్యులును విద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పురుడు పోయుచుండిరి. ఆ యేట వైద్యుల వార్డులో నూటికి 11 మంది తల్లులు చనిపోగా, మంత్రసానుల వార్డులో నూటికి ముగ్గురైనను చనిపోలేదు. బాలింత జ్వరమే ఇందుకు ముఖ్య కారణము. తమ్మును వైద్యుల వార్డులో చేర్చవద్దని గర్భిణులు మోకాళ్లూని బతిమాలుకొనెడివారు. గాలి చెడినదని పెద్దలు చెప్పిరిగాని తమ చేతులవైపు చూచుకొనలేదు.

1847 మార్చిలో ఆయన స్నేహితుడైన కొల్లెచ్కా అను వైద్యుడు, శవపరీక్షలో కత్తి గాటుపడి మరణించెను. ఆయన శరీరమున కనబడిన గుర్తులు చనిపోయిన బాలింతల గుర్తులవలెనే యుండెను. అప్పుడు సెమ్మెల్‌వైస్‌కు సంగతి తెలిసెను. వైద్యులు శవములను కోసిన చేతులతోనే వచ్చి తల్లులను పరీక్షించుచుండిరి. నేడు మనము రోగక్రిములని పిలుచువాటిని ఆ చేతులే మోసికొని వచ్చుచుండెను. శవపరీక్షలు విస్తారముగా చేసినవారిలో ఆయనయు ఒకడు. తనవలన సమాధికి పోయిన తల్లుల లెక్క తనకే తెలియదని 1861లో అచ్చువేసిన గ్రంథములో దాచక ఒప్పుకొనెను.

ఆయన దుఃఖపడి ఊరకుండలేదు. ఆ మే నెలలోనే బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లు పెట్టించి, చేతులు కడుగుకొననిదే ఎవరును తల్లులను ముట్టరాదని కట్టడ చేసెను. ఏప్రిలులో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో, జూనులో ఇద్దరే చనిపోయిరి. 1848 మార్చిలో ఒక్క తల్లియు చనిపోలేదు.

అయినను అనేక వైద్యులు వినలేదు. వినినయెడల తమ చేతులే చంపెనని ఒప్పుకొనవలసియుండెను. 1849లో ఆయన ఉద్యోగము పోయెను. కాలక్రమమున ఆయనయు కఠినుడై, వారిని హంతకులని నిందించుచు ఉత్తరములు అచ్చువేయించెను. ఆ నిందవలన వారు మారలేదు. 1865లో వియన్నాలోని పిచ్చాసుపత్రిలో, గాయము చెడి, 47 ఏండ్ల వయస్సున చనిపోయెను.

పిలాతు తనయందు దోషము లేదని చూపుటకు చేతులు కడుగుకొనెను. ఈ వైద్యుడు దోషము తనయందున్నదని యెరిగి కడుగుకొనెను. మొదటి కడుగుట ఎవరిని కాపాడలేదు, రెండవది తల్లులను బ్రదికించెను. మేలు చేయబోవుచున్నాము గనుక మన చేతులు శుభ్రమేయని మనమును తలంతుము. రోగి మంచమును సమీపించువారు, వైద్యులైనను బంధువులైనను, మొదట తమ చేతులను చూచుకొందురుగాక.