కరీంనగర్‌కు బయలుదేరి చేరని సౌందర్య

కోరుట్ల, ఏప్రిల్ 17: సినీనటి సౌందర్య కన్నుమూసి రెండు దశాబ్దాలు దాటింది. ఆమె చివరిసారి బయలుదేరింది మన కరీంనగర్‌కే.

కర్ణాటకకు చెందిన సౌందర్య అసలు పేరు సౌమ్య. తండ్రి సత్యనారాయణ కన్నడ చిత్రరంగంలో రచయిత, నిర్మాత. 1992లో ఆమె కన్నడ చిత్రాలలో ప్రవేశించారు. వైద్యవిద్యను మధ్యలోనే మానుకున్నారు. 1993లో ‘మనవరాలి పెళ్లి’తో తెలుగు వారికి పరిచయమయ్యారు. ‘అమ్మోరు’, ‘పవిత్రబంధం’, ‘అంతఃపురం’ చిత్రాలతో ఇంటింటి ఆడపడుచు అయ్యారు. వందకు పైగా చిత్రాలలో నటించారు.

ఆమె స్వయంగా నిర్మించి నటించిన కన్నడ చిత్రం ‘ద్వీప’ జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పొందింది. ఆనకట్ట నీరు ముంచుకొస్తున్నా పుట్టిన చోటు విడువలేని కుటుంబం కథ అది. మధ్యమానేరు కింద ఊళ్ళు పోగొట్టుకున్న సిరిసిల్ల ప్రాంతం వారికి ఆ బాధ చెప్పనక్కరలేదు.

2004 ఎన్నికల ముందు సౌందర్య భారతీయ జనతా పార్టీలో చేరారు. ఆ పార్టీ ప్రచారం కోసం ఏప్రిల్ 17న ఉదయం బెంగళూరు జక్కూరు విమానాశ్రయం నుండి చిన్న సెస్నా విమానంలో కరీంనగర్‌కు బయలుదేరారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు కరీంనగర్ జిల్లాలోనివే. విమానం లేచిన కొద్ది క్షణాలకే సమీపంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి మంటలలో చిక్కుకున్నది. సౌందర్య, ఆమె సోదరుడు అమర్‌నాథ్, పైలట్‌తో సహా నలుగురూ మరణించారు.

ఇటువంటి చిన్న విమానానికి ఉండేది ఒకే ఇంజను. నేల విడిచిన తొలి నిమిషమే దానికి గండం. ఘాట్ రోడ్డు ఎక్కే లారీ ఇంజను ఆగితే బ్రేకు వేసి నిలపవచ్చు. గాలిలో ఆ వీలు లేదు. బాగా ఎత్తున ఉండగా ఇంజను ఆగితే విమానం జారుతూ కొంత దూరం పోగలదు. పైలట్‌కు చదునైన చోటు వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. వంద, రెండు వందల అడుగుల ఎత్తులో ఆ వ్యవధి ఉండదు. అప్పుడు ముక్కు కిందికి దించి, వేగం నిలుపుకొని, ఎదురుగా ఉన్న జాగాలోనే దిగాలని పైలట్లకు నేర్పుతారు. వెనుకకు తిరగబోతే ఉన్న ఎత్తు కాస్తా తరిగిపోతుంది. వేగం పడిపోతే రెక్కలు విమానాన్ని మోయలేవు.

ప్రచారానికి సౌందర్య వస్తారని ఎదురుచూసిన కరీంనగర్‌కు ఆనాడు చేరింది ఆమె మరణవార్త.