పాల్ ద వివీ

పాల్ ద వివీ (1853 ఏప్రిల్ 29 - 1930 ఫిబ్రవరి 27) ఫ్రాన్సు దేశానికి చెందిన సైకిలు యాత్రికుడు, సైకిళ్ళ నిర్మాత, పత్రికా సంపాదకుడు. వెలోసియో అనే కలంపేరుతో ఇతడు ప్రసిద్ధుడు. కొండదారులలో ప్రయాణానికి అనువైన సైకిలుకు చట్రము (ఫ్రేము), చక్రాలు, టైర్లు, గేర్లు ఎలా ఉండాలి అనే విషయంపై నలభై సంవత్సరాలకు పైగా స్వయంగా ప్రయోగాలు చేసి, వాటి ఫలితాలను తన పత్రికలో ప్రకటించాడు. ఫ్రెంచి సైకిలు యాత్రలకు ఇతనిని పితామహునిగా పరిగణిస్తారు. యంత్రము మనిషికి, దారికి తగినట్లు ఉండాలే గాని మనిషి యంత్రానికి లొంగి కష్టపడరాదన్నది ఇతని జీవితకాలపు వాదన. పోటీల నిర్వాహకులు చిన్నచూపు చూసిన ఈ వాదనను, ఇతడు మరణించిన ఏడు సంవత్సరాలకు టూర్ ద ఫ్రాన్స్ పోటీ అంగీకరించవలసి వచ్చింది.

తొలి జీవితము

పాల్ ద వివీ దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ప్రాంతంలో పెర్న్ అనే ఊరిలో జన్మించాడు. ఈ ఊరిని నేడు పెర్న్-లె-ఫోంతేన్ అంటారు. చదువు ముగిసిన తరువాత పట్టు వ్యాపారంలో ప్రవేశించి, సెంట్-ఎటియెన్ పట్టణంలో స్థిరపడ్డాడు. బొగ్గు గనులకు, రిబ్బన్ల నేతకు, ఆయుధాల తయారీకి పేరుపొందిన ఈ పట్టణము కొండల నడుమ, సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. పట్టణము దాటగానే ఎక్కుడు దారులే. ఇతని తరువాతి ప్రయోగాలన్నింటికీ ఈ కొండలే మూలకారణమని చెప్పవచ్చు.

1881లో, 28 ఏళ్ళ వయసున, ఇతడు మొదటి సైకిలు కొన్నాడు. మరుసటి సంవత్సరము పట్టణంలోని సైక్లిస్టుల సంఘము స్థాపకులలో ఒకడైనాడు.

నాటి సైకిళ్ళు

ఇతడు మొదట తొక్కినది ముందు చక్రము మనిషి ఛాతీ ఎత్తున, వెనుక చక్రము చిన్నదిగా ఉండే సైకిలు. దానికి గొలుసు (చైను) ఉండదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి. పెడలు ఒకసారి తిరిగితే చక్రమూ ఒకేసారి తిరుగుతుంది. కనుక వేగము కావాలంటే చక్రము పెద్దది కావాలి. కాని కాలు అందినంతవరకే చక్రము పెద్దది కాగలదు. ఆ రోజులలో సైకిలు కొనేవారు కాలి పొడవును కొలుచుకొని చక్రపు సైజు నిర్ణయించుకొనేవారు. పొడుగువారికి పెద్ద చక్రము, పొట్టివారికి చిన్న చక్రము. దారి ఎటువంటిదనే ప్రశ్నకు అందులో తావు లేదు.

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు ఈ పరిస్థితిని మార్చివేసింది. రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, పెడళ్ళు మధ్యలో అమరి, గొలుసు ద్వారా వెనుక చక్రము తిరిగే పద్ధతి దీనిది. పళ్ళ చక్రాలను మార్చుకొంటే చాలు, కాలి పొడవుతో నిమిత్తము లేకుండా కావలసిన వేగాన్ని లేదా బలాన్ని పొందవచ్చు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. గొలుసు, గాలి టైరు అనే ఈ రెండింటి వలన కొండదారిలో సైకిలు యాత్ర సాధ్యమైనది.

దుకాణము, పత్రిక

1887లో ద వివీ పట్టు వ్యాపారము వదలి సెంట్-ఎటియెన్‌లో సైకిళ్ళ దుకాణము తెరిచాడు. మొదట ఇంగ్లీషు సైకిళ్ళు తెప్పించి అమ్మేవాడు. అదే సంవత్సరము ఒక పత్రికను ప్రారంభించాడు. ఇదే తరువాత ల సైక్లిస్ట్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. 1889లో లా గోల్వాజ్ అనే పేరుతో సొంతంగా సైకిలు తయారుచేశాడు.

దుకాణము కంటె పత్రికయే ఇతని అసలు కృషి. తాను తొక్కిన ప్రతి సైకిలు గుణదోషాలను, దూరాలను, ఎక్కిన ఎత్తులను, పళ్ళ లెక్కలను ఇందులో వివరించేవాడు. పాఠకులు తమ అనుభవాలను వ్రాసి పంపేవారు. తాను కనిపెట్టిన మార్పులను వ్యాపార రహస్యాలుగా దాచుకొనక అందరికీ తెలియజేశాడు. ఈ విధంగా ఏర్పడిన ప్రయోగశీలుర బృందాన్ని సెంట్-ఎటియెన్ సంప్రదాయము అని పిలుస్తారు.

గేర్ల ప్రయోగాలు

గేరు అంటే ఏమిటో తెలుసుకొంటే ఇతని కృషి విలువ తెలుస్తుంది. పెడళ్ళ దగ్గర ఉన్న పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనుక చక్రానికి ఉన్నదానికి 18 పళ్ళు ఉన్నాయనుకొందాము. చక్రము చుట్టుకొలత 2.2 మీటర్లు అయితే, పెడలు ఒకసారి తిరిగినప్పుడు సైకిలు సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. సమతల నేల మీద ఇది హాయిగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇదే మోకాళ్ళకు శిక్ష అవుతుంది. ముందు 24, వెనుక 24 పళ్ళు ఉంటే ఒక తిప్పుకు 2.2 మీటర్లే కదులుతుంది. వేగము తగ్గుతుంది గాని కాలిపై పడే భారము సగానికి పైగా తగ్గుతుంది.

ఒకే సైకిలుపై ఈ రెండు సౌకర్యాలూ ఎలా కల్పించాలన్నది ద వివీ సమస్య. మొదట ముందువైపు రెండు పళ్ళ చక్రాలు పక్కపక్కన బిగించి, గొలుసును చేతితో ఒకదానిపై నుండి మరొకదానిపైకి మార్చే పద్ధతి అనుసరించాడు. రెండు గొలుసుల పద్ధతిని పరీక్షించాడు. పెడళ్ళను వెనుకకు త్రొక్కినప్పుడు తేలిక గేరుతో ముందుకు సాగే విచిత్రమైన యంత్రాన్ని కూడా వాడి చూశాడు. గొలుసును పళ్ళ మీది నుండి పక్కకు నెట్టి మార్చే డీరైలర్ అనే సాధనము క్రమంగా ఈ ప్రయోగాల నుండి రూపుదిద్దుకొన్నది. ఇతని సహచరులలో ఒకడైన జోయనీ పనెల్ సెంట్-ఎటియెన్‌లోనే ల షెమినో అనే పేరుతో ఇటువంటి సాధనాన్ని తయారుచేసి అమ్మాడు.

పోటీ నిర్వాహకులతో వివాదము

1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ సంస్థ పిరనీస్ పర్వతాలలో, తూర్మలే కనుమ మీదుగా యాత్రా సైకిళ్ళకు ఒక పరీక్ష నిర్వహించింది. మార్త్ హెస్ అనే మహిళ గేర్లున్న గోల్వాజ్ సైకిలుపై ఈ కఠినమైన మార్గాన్ని పూర్తిచేసింది. గేర్ల ప్రయోజనానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదని ద వివీ పక్షమువారు భావించారు.

అయితే మరుసటి సంవత్సరము టూర్ ద ఫ్రాన్స్ పోటీని ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ దీనిని అంగీకరించలేదు. గేర్లు వయసు మళ్ళినవారికే తగినవని, కండబలముతో గెలవడమే గొప్ప అని అతడు తన పత్రికలో వాదించాడు. అతని పోటీలో డీరైలర్లకు చాలాకాలము అనుమతి లేదు. పోటీదారులు కొండ మొదలులో సైకిలు దిగి, వెనుక చక్రము ఊడదీసి, రెండవ పక్కనున్న పళ్ళు వాడుకొనేందుకు త్రిప్పి బిగించుకొనేవారు.

ఈ వివాదము కేవలము ఒక పరికరానికి సంబంధించినది కాదు. సైకిలు యువకులైన బలవంతులకే పరిమితము కావాలా, లేక స్త్రీలు, వృద్ధులు, సామాన్యులు కూడ కొండలు దాటగలగాలా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న. పోటీలు చూసేవారు మొదటి పక్షాన్ని, యాత్రలు చేసేవారు రెండవ పక్షాన్ని సమర్థించారు.

టైర్లు, చక్రాలు

సన్నని టైరులో గాలి గట్టిగా కొడితేనే వేగము అన్న నమ్మకము నాడు బలంగా ఉండేది. ద వివీ దీనినీ ప్రశ్నించాడు. రాళ్ళు తేలిన దారిలో గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులలో త్రొక్కేవాని శక్తి వృథా అవుతుంది. వెడల్పు టైరు గులకరాళ్ళను తనలో ఇముడ్చుకొని సాగిపోతుంది. సుమారు 50 సెంటీమీటర్ల చిన్న చక్రాలకు వెడల్పైన టైర్లు తొడిగి ఇతడు దూరప్రయాణాలు చేశాడు. మధ్యరకపు చక్రము, వెడల్పు టైరు గల సైకిళ్ళు తరువాత ఫ్రెంచి యాత్రికుల అభిమానము పొందాయి. వాటికి వాడిన 650బి అనే చక్రపు కొలతయే 21వ శతాబ్దంలో 27.5 అంగుళాల చక్రము అనే పేరుతో కొండ సైకిళ్ళలోకి తిరిగి వచ్చింది.

ప్రయాణ నియమాలు

ఇతడు శాకాహారి. ఎస్పెరాంతో భాషను ప్రచారము చేశాడు. ఈస్టరు పండుగకు మిత్రులతో కలిసి రాత్రంతా సైకిలు త్రొక్కి దక్షిణాన ప్రోవాన్స్ ప్రాంతానికి వెళ్ళడము ఇతని అలవాటు.

సైకిలు యాత్రికులకు ఇతడు ఏడు నియమాలు చెప్పాడు. మార్గమధ్యంలో తక్కువసార్లు, కొద్దిసేపు మాత్రమే ఆగాలి. ఆకలి వేయకముందే కొద్దికొద్దిగా తినాలి, దాహము వేయకముందే త్రాగాలి. ఆకలి, నిద్ర చెడేటంతగా అలసిపోరాదు. చలి పుట్టకముందే బట్ట కప్పుకోవాలి, చెమట పట్టకముందే తీసివేయాలి. ప్రయాణకాలంలో మద్యము, మాంసము, పొగాకు మానాలి. మొదటి గంటలలోనే శక్తినంతా ఖర్చుచేయరాదు. గొప్ప కోసం ఎన్నడూ త్రొక్కరాదు. ఈ చివరి నియమము ఇతని గేర్ల వాదానికి కూడ సారాంశము.

మరణము, స్మారకాలు

1930 ఫిబ్రవరి 27న సెంట్-ఎటియెన్ వీధిలో ట్రాము ఢీకొని ఇతడు మరణించాడు. వయసు 76 సంవత్సరాలు. 1937లో టూర్ ద ఫ్రాన్స్ డీరైలర్లను అనుమతించింది. ఆ సంవత్సరము గెలిచిన రోజే లపేబీ గేర్లున్న సైకిలునే వాడాడు.

సెంట్-ఎటియెన్ పైనున్న 1161 మీటర్ల ఎత్తైన గ్రాన్ బ్వా కనుమ వద్ద ఇతని స్మారకము ఉన్నది. 1922లో ఇతని గౌరవార్థము ఈ కనుమపైకి సైకిలు యాత్ర మొదలైనది. ఈస్టరు సమయంలో జట్లుగా 24 గంటలు సాగే ఫ్లెష్ వెలోసియో యాత్ర కూడ ఇతని పేరు మీదనే జరుగుతుంది.

కొండ సైకిలు

నేడు మౌంటెన్ బైక్ అని పిలిచే సైకిలు 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, టామల్పాయిస్ కొండపై పుట్టింది. యువకులు వెడల్పు టైర్లున్న పాత సైకిళ్ళకు డీరైలర్ గేర్లు, మంచి బ్రేకులు అమర్చి మట్టిదారులలో త్రొక్కారు. 1977లో జో బ్రీజ్ ఈ పనికై ప్రత్యేకంగా చట్రము తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పోటీ క్రీడ అయినది. వెడల్పు టైరు, విస్తారమైన గేర్లు అనే రెండు మూలాంశాలూ ద వివీ పత్రికలో చర్చించినవే. నేటి ఖరీదైన కొండ సైకిలుకు ముందు ఒకే పళ్ళ చక్రము, వెనుక 10 నుండి 51 వరకు పళ్ళున్న 12 చక్రాలు ఉండవచ్చు. ముందు 32 పళ్ళున్నచో, ఒక తిప్పుకు సుమారు 1.4 మీటర్ల నుండి 7 మీటర్ల వరకు గేరును మార్చుకోవచ్చు.

తెలుగు నేలపై అన్వయము

గుంటూరు జిల్లా పొన్నూరు వంటి చోట నేల చదునుగా ఉంటుంది. పొన్నూరు నుండి బాపట్ల, చీరాల వైపు ఎంతదూరము పోయినా ఎక్కుడు లేదు. అందువలన 22 లేదా 24 అంగుళాల చట్రము, ఒకే గేరు ఉన్న నల్ల సైకిలు ఇక్కడ తరతరాలుగా చాలినది. పాల క్యాన్లను, గడ్డిమోపులను అదే మోసింది. ద వివీ సూత్రము ప్రకారము ఇది సరియైన ఎంపికయే. అయితే ప్రత్తి, మిరప చేలలోని నల్లరేగడి వానాకాలంలో టైరుకు, మడ్‌గార్డుకు మధ్య పేరుకొని చక్రాన్ని పట్టివేస్తుంది. అటువంటి దారికి టైరు చుట్టూ ఖాళీ ఎక్కువగా ఉన్న చట్రము కావాలి. శ్రీశైలము, అరకు ఘాటు రోడ్లకు, సుమారు 1265 మీటర్ల ఎత్తైన హార్స్‌లీ కొండలకు తేలిక గేర్లు కావాలి.

పెద్దల సైకిలు చట్రపు త్రికోణంలో నుండి కాలు దూర్చి త్రొక్కిన పిల్లవానికి కొలత కుదరని సైకిలు కష్టమెటువంటిదో తెలుసు. నేడు లక్షల రూపాయలు పోసి కార్బన్ చట్రము కొనేవారికి కూడ ఈ నియమము వర్తిస్తుంది. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేటట్లు సీటు ఎత్తు అమర్చుకోవాలి. నడుము, భుజాలు బిగుసుకొనకుండా చేతులు హ్యాండిలుకు అందాలి. ఆ తరువాత తాను పోయే దారిని బట్టి టైరు వెడల్పును, తన మోకాళ్ళ శక్తిని బట్టి అన్నింటికంటె తేలికైన గేరును నిర్ణయించుకోవాలి. చట్రపు లోహము, బరువు, ధర వీటి తరువాతనే ఆలోచించదగినవి. సైకిలును మనిషికి, దారికి తగినట్లు ఎంచుకోవాలన్న ద వివీ బోధ ఇదే.