నేలను కాచిన భక్తుడు – జార్జి వాషింగ్టన్ కార్వర్

ధ్యానభాగము: ఆదికాండము 1:29–31, 2:15

దేవుడు మొదటి మనుష్యునికి అప్పగించిన పని తోటపని. నేలను దున్నుట ఒక్కటే కాదు, దానిని కాపాడుటయు అతని బాధ్యత. ఈ రెండవ సంగతిని మనము తరచు మరచుచున్నాము. మరువని యొక శాస్త్రజ్ఞుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

కార్వర్ 1864 ప్రాంతమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమందు బానిస తల్లికి జన్మించెను. పసివాడై యుండగా దుండగులు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. బిడ్డను వెదకి తెచ్చినవానికి యజమానుడు ఒక గుఱ్ఱము నిచ్చెను. తల్లి జాడ మాత్రము తెలియలేదు. ఆ యజమాన దంపతులే అతనిని పెంచిరి.

నల్లవాడగుటచేత దగ్గరి బడిలో చోటు దొరకక, చదువుకొరకు నియోషో పట్టణమునకు పోయెను. ఒక కళాశాల ఉత్తరము ద్వారా చేర్చుకొని, తీరా వచ్చిన తరువాత రంగు చూచి త్రిప్పి పంపెను. గుమ్మము బయట నిలువబడిన బాధ మన పెద్దలును ఎరుగుదురు. అతడు బట్టలుతికి పొట్ట పోసికొనుచు పట్టు విడువలేదు. 1891లో ఐయోవా వ్యవసాయ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థిగా చేరి, 1896 నాటికి ఉన్నత పట్టమును పొందెను.

ఆ యేడే బుకర్ టి. వాషింగ్టన్ పిలుపునందుకొని అలబామాలోని టస్కెగీ విద్యాలయమునకు వెళ్లెను. పరికరములు లేవు, పారవేసిన సీసాలను ఏరి తెచ్చి ప్రయోగశాల నమర్చెను. చుట్టునున్న నల్లజాతి కౌలుదార్లు యేటేట పత్తియే వేయుచుండిరి. నేల సారము తఱిగెను, షావుకారు అప్పు పెరిగెను. కార్వర్ పత్తి తరువాత పల్లి, బొబ్బర్లు, చిలగడదుంప వేయుమని చెప్పెను. పల్లి, బొబ్బర్ల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. ఎరువు కొనలేనివారికి అడవి ఆకులను, మడుగు బురదను కుళ్లబెట్టి వేయుట నేర్పెను. బడికి రాలేని రైతుల యొద్దకు 1906లో నాగళ్లు, విత్తనములతో బండినే పంపించెను.

పల్లిని పండించుటయే గాక వాడుకొనుట తెలియవలెనని 1916లో 105 వంటకముల చిన్న పుస్తకము ప్రకటించెను. 1921లో అమెరికా శాసనసభా సంఘము అతనికి పది నిమిషములే యిచ్చి, వినిన కొలది గడువు పొడిగించెను. పల్లీల వెన్నను కనుగొన్నది ఆయనయే యని కొందరు చెప్పుదురు గాని అది నిజము కాదు. ఆయన గొప్పతనమునకు ఆ కల్పన అక్కరలేదు.

ఆదివారములందు విద్యార్థులకు బైబిలు తరగతి సుమారు ముప్పది యేండ్లు నడిపెను. వివాహమాడలేదు. కూడబెట్టిన సుమారు 60 వేల డాలర్లను టస్కెగీలో పరిశోధనకే యిచ్చి, 1943 జనవరి 5న ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, నేడు మన నల్లగొండ చెల్కలలోను యేటేట పత్తియే కనబడుచున్నది. విత్తనము అప్పు, మందు అప్పు. పాలమూరు రైతులకు పల్లి క్రొత్త పంట కాదు. కంది, పెసర, బొబ్బర్లు మన తాతల పంటలే. పంట మార్చి, పెంట తోలి, నేలకు సేద దీర్చుటయు ఆరాధనలో భాగమే. సంఘములో తెలిసినవారు తెలియనివారికి చెప్పుడి. త్రోసివేయబడిన వాడు వేలమందికి అన్నము చూపెను. మన బిడ్డలలో అట్టివారు లేరా?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన నేలను పాడుచేయక, మా పిల్లలకు సారముగలదిగా అప్పగించు కృపనిమ్ము. ఆమేన్.